వోకింగ్‌లో భోపాల్ బేగం మసీదు

శుక్రవారం

ఇంగ్లండులో ఏటా సెప్టెంబరు నెలలో ‘హెరిటేజ్ ఓపెన్ డేస్’ పేరిట ఒక ఉత్సవం జరుగుతుంది. 1994లో మొదలైన ఈ ఏర్పాటు కింద, మామూలు రోజుల్లో తాళం పడి ఉండేవో, టికెట్టు కొంటే తప్ప లోపలికి రానివ్వనివో, ఏదో ఒక సమాజానికి మాత్రమే పరిచయమైనవో అయిన కట్టడాలు దేశమంతటా ఉచితంగా తలుపులు తెరుస్తాయి. చర్చిలు, పాత మిల్లులు, న్యాయస్థానాలు, జమీందారీ భవనాలు ఉండే ఆ జాబితాలో సర్రే కౌంటీలోని వోకింగ్ పట్టణపు షాజహాన్ మసీదు కూడా కనిపించడంతో, శని ఆదివారాలను దానికే కేటాయించుకుని ఒక రోజు ముందుగానే బయలుదేరాను.

లండన్ వాటర్‌లూ స్టేషను నుంచి నైరుతి దిక్కుగా వెళ్ళే రైళ్ళలో ఎక్కువ భాగం వోకింగ్‌లో ఆగుతాయి. వేగంగా పోయే బండి అయితే అరగంట కూడా పట్టదు. 1838లో రైలు వచ్చేదాకా ఇక్కడ ఉన్నది చాలావరకు పనికిరాని బీడు. తర్వాత లండన్ నగరపు మృతులకు చోటు వెతుకుతూ ఒక శ్మశాన కంపెనీ ఆ బీడును కొని, తనకు అక్కరలేని భాగాన్ని ముక్కలుగా అమ్మగా పట్టణం పెరిగింది. ఆ శ్మశానమే బ్రూక్‌వుడ్. మసీదు కథలోని ముఖ్యులు చాలామంది చివరికి చేరింది అక్కడికే కనుక దానిని ఆదివారానికి వదిలి, ముందుగా ఓరియంటల్ రోడ్డు పట్టుకున్నాను. ఆ వీధి రైలు పట్టాల వెంబడే తూర్పుగా సాగుతుంది. పేరులోని ఆ ‘ఓరియంటల్’ మాట కూడా మసీదును కట్టించిన సంస్థ నుంచి వచ్చినదే.

నేను చేరేసరికి జుమా నమాజు వేళ అయింది. కార్లు వీధి చివరిదాకా నిలిచి ఉన్నాయి. ఆఫీసు దుస్తుల్లో ఉన్నవారు, టాక్సీ నడిపేవారు, పిల్లల చేయి పట్టుకున్న వృద్ధులు వడివడిగా లోపలికి నడుస్తున్నారు. సందర్శకులకు కేటాయించిన సమయం మరునాడే కనుక నేను ఎదుటి కాలిబాట మీదనే నిలబడ్డాను. చెట్ల మధ్య నుంచి కనిపించే ఆకుపచ్చ గుమ్మటం వైపు కాకుండా, జనమంతా దాని పక్కనున్న పొడవాటి, సాదా కట్టడాల వైపు వెళ్ళడం మొదట వింతగా తోచింది. అవి ఒకప్పటి కర్మాగారపు షెడ్లనీ, పాత మసీదులో చోటు చాలక వాటిని నమాజు హాళ్ళుగా మార్చారనీ గేటు దగ్గర నిలబడిన ఒక పెద్దాయన చెప్పారు. “రేపు రండి, తీరిగ్గా చూపిస్తాము. ఇవాళ మాత్రం మమ్మల్ని క్షమించాలి,” అని ఆయన ఉర్దూలో అన్నారు. అది నాకు సబబుగానే అనిపించింది. వాడుకలో ఉన్న ఆరాధనాలయానికి ముందు తన పని ఉంటుంది, తర్వాతే చుట్టపుచూపు.

మధ్యాహ్నం మిగిలింది కనుక రైలుమార్గానికి ఉత్తరాన, కాలువ దాటి, హార్సెల్ కామన్ అనే అడవి అంచున ఉన్న శాంతివనానికి నడిచాను. మసీదుకూ దీనికీ మధ్య దూరం పెద్దది కాదు కాని, చరిత్ర మాత్రం తప్పనిసరిగా కలిపి చదవవలసినది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో గాయపడిన భారతీయ సిపాయిలను బ్రైటన్‌లోని రాజభవనంతో సహా ఇంగ్లండు దక్షిణ తీరపు ఆసుపత్రులకు తెచ్చేవారు. వారిలో మరణించిన హిందువులకు, సిక్కులకు బ్రైటన్ ఎగువన కొండమీద దహన సంస్కారాలు జరిగేవి. ఆ చోట 1921లో పాలరాతి ఛత్రి, అంటే గుమ్మటం గల స్మారక మండపం, నిలిపారు. ముస్లిం సిపాయిలను వోకింగ్‌కు తెచ్చేవారు, ఎందుకంటే ఆ రోజుల్లో ఇమామ్ ఉన్న మసీదు ఆ చుట్టుపక్కల ఇదొక్కటే. చనిపోయిన ముస్లింలకు వారి ధర్మం ప్రకారం ఖననం కూడా జరగడం లేదని జర్మనీ ప్రచారం చేస్తున్నప్పుడు, అప్పటి ఇమామ్ మౌలవీ సద్రుద్దీన్ ప్రభుత్వాన్ని పట్టుబట్టి విడి ఖబరస్తాన్ అడిగారు. వలస ప్రభుత్వపు దయకన్నా యుద్ధకాలపు అవసరమే ఈ గోడను లేపిందని నా అభిప్రాయం. 1915లో మొదలై 1917లో పూర్తయిన ఆ పనిలోని శ్రద్ధను మాత్రం కాదనలేము. ఇండియా ఆఫీసు సర్వేయరుగా ఉన్న హెర్బర్ట్ విన్నీ గీసిన నమూనాలో ఇటుక గోడ, వంపు తిరిగిన ద్వారం, దాని మీద చిన్న గుమ్మటం ఉన్నాయి.

రెండు యుద్ధాల్లో కలిపి ఇక్కడ ఖననమైనవారు 27 మంది. అల్లరిమూకలు సమాధులను పాడుచేస్తుండడంతో 1960ల చివర వారి అస్థికలను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఖాళీ ఆవరణ ముళ్ళపొదలతో నిండిపోయింది. 2015లో దీనిని తోటగా తిరిగి తీర్చారు. ఒక్కొక్క సిపాయికి ఒక్కొక్కటి చొప్పున హిమాలయ భూర్జ వృక్షాలు నాటారు. మధ్యలో సన్నని నీటి కాలువ, ఒక చివర పేర్లు చెక్కిన రాయి ఉన్నాయి. భూర్జపత్రమంటే ఒకప్పుడు మనవాళ్ళకు కాగితంగా పనికివచ్చిన బెరడు. తెల్లటి ఆ చెట్లను సిపాయిల సంఖ్యకు సరిపోల్చి నాటాలన్న ఆలోచన ఎవరిదో కాని, రాతి పలకకన్నా అదే ఎక్కువ మాట్లాడుతున్నది. నేను ఉన్నంతసేపూ లోపలికి వచ్చినవారు కుక్కను తిప్పుతున్న ఒక దంపతులు మాత్రమే.

శనివారం

ఉదయం గేటు తెరిచే వేళకే పాతికమంది దాకా చేరారు. స్థానికులే ఎక్కువ. ముప్పయ్యేళ్ళుగా రైల్లోంచి ఈ గుమ్మటాన్ని చూస్తూనే ఉన్నాననీ, దిగి చూడడం ఇదే మొదలనీ వరుసలో నా ముందున్న ఆవిడ చెప్పారు. స్వచ్ఛంద సేవకులు బల్లమీద నీళ్ళూ బిస్కెట్లూ, వివిధ భాషల్లోని ఖురాన్ ప్రతులూ, చిన్న పుస్తకాలూ పేర్చి ఉంచారు. తల కప్పుకోదలచిన మహిళలకు స్కార్ఫులు కూడా అక్కడే ఉన్నాయి, ఎవరినీ బలవంతపెట్టలేదు.

పాత మసీదు ముందు నిలబడితే మొదట తట్టేది దాని చిన్నతనం. బొమ్మల్లో చూసి పెద్ద కట్టడాన్ని ఊహించుకున్నవారు ఒక క్షణం నిరాశపడినా పడవచ్చు. ముందువైపు ఎత్తయిన కమాను ద్వారం, దానికి అటూ ఇటూ చిన్న తలుపులు, పిట్టగోడ పొడవునా ఆకుల వంటి కోసల వరుస, మూలల్లో బుల్లి గుమ్మటాలు, నడుమ ఉల్లిగడ్డ ఆకారపు ఆకుపచ్చ గుమ్మటం, దానిపై బంగారు నెలవంక. ఇంగ్లండులో దొరికే బాత్ రాయి, బార్గేట్ రాయి కలిపి కట్టారు. వాస్తుశిల్పి విలియం ఐజక్ చాంబర్స్. ఆగ్రాలోనో లాహోరులోనో ఉంటే ఇది ఒక నవాబుగారి తోటలోని మసీదుగా గడిచిపోయేది. పైన్ చెట్ల మధ్య, పట్టాల పక్కన ఉండడం వల్లనే దీనికి మరొక గాంభీర్యం వచ్చింది. 2018లో ప్రభుత్వం దీనిని వారసత్వ కట్టడాల మొదటి శ్రేణిలోకి చేర్చింది. ఆ శ్రేణిలో చోటు పొందిన మొట్టమొదటి మసీదు ఇదే.

చెప్పులు విప్పి, గూటిలో పెట్టి, పదిహేను మంది చొప్పున లోపలికి వెళ్ళాము. అంతకన్నా ఎక్కువ మంది ఒకేసారి వెళ్తే వివరించేవారి మాట వినబడదు. చదరపు గది, నేలంతా తివాచీ, గుమ్మటం లోపలివైపు నీలం, బంగారు రంగుల అలంకరణ, ఎదురుగా మక్కా దిశను చూపే మిహ్రాబ్, పక్కన ఇమామ్ ఎక్కి ప్రసంగించే మింబర్. గది గోడలు నాలుగూ సమానమే అయినా చూపు తనంతట తానే మిహ్రాబ్ వైపు పోతుంది. ఈ దిశను నిర్ణయించడానికి ఒక ఓడ కప్తానును రప్పించి కొలతలు తీయించారని ఇక్కడివారు చెప్పే కథ. సముద్రం మీద దిక్కు తెలిసినవాడి చేత నేలమీది ఖిబ్లాను, అంటే మక్కా దిశను, గుర్తించడం అప్పటి లెక్కల్లో సహజమైన పనే.

మాకు వివరించినవారు వృత్తిరీత్యా ఉపాధ్యాయిని. ఆమె మొదటి ప్రశ్నతోనే సగం మందిని ఆపారు: షాజహాన్ ఎవరు? తాజ్‌మహల్ కట్టించిన చక్రవర్తి అని మూడు నాలుగు గొంతులు వినిపించాయి. కాదు, ఈ పేరు భోపాల్‌ను పాలించిన షాజహాన్ బేగంది. 1838లో పుట్టి 1901లో మరణించిన ఆమె, స్త్రీలు వరుసగా పరిపాలించిన భోపాల్ సంస్థానంలో ఒక తరానికి ప్రతినిధి. భోపాల్‌లోని తాజుల్ మసాజిద్‌ను మొదలుపెట్టినదీ ఆమెయే. ఆ పెద్ద మసీదు ఆమె కాలంలో పూర్తి కాలేదు, దాని పని ముగిసేసరికి 1985 వచ్చింది. ఆమె సొమ్ముతో పరాయి దేశంలో మొదలైన ఈ చిన్నది మాత్రం 1889లోనే సిద్ధమైంది. దాత ఒక స్త్రీ అన్న సంగతిని సందర్శకుల్లోని మహిళలు మళ్ళీ మళ్ళీ అడిగి ధ్రువపరచుకోవడం గమనించాను. గోడమీది ఫలకంలో దానికి మరికాస్త చోటు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ సొమ్మును అడిగి తెచ్చినవాడి కథ ఇంకా విచిత్రమైనది. గాట్లీబ్ విల్‌హెల్మ్ లైట్నర్ 1840లో నేటి బుడాపెస్ట్‌లో భాగమైన పెస్ట్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టాడు. ఇస్తాంబుల్‌లో అరబీ, తుర్కీ నేర్చి, పదిహేనేళ్ళ వయసులో క్రిమియా యుద్ధానికి దుబాసీగా వెళ్ళాడు. ఇరవై దాటీ దాటకముందే లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్యుడయ్యాడు. 1864లో లాహోరు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడిగా వచ్చి, 1882లో పంజాబు విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ముఖ్య కారకుడయ్యాడు. యాభై దాకా భాషలు వచ్చునని ప్రతీతి. అందులో సగం నిజమైనా చాలు. తిరిగి వెళ్ళాక, వృద్ధ నటులకు ఆశ్రయంగా కట్టి తర్వాత మూతపడిన ఒక భవనాన్ని వోకింగ్‌లో కొని, ప్రాచ్య భాషలు బోధించే ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పాడు. చదువుకోవడానికి భారతదేశం నుంచి వచ్చేవారు తమ తమ ధర్మాలను వదలకుండా బతకాలని అతని పట్టుదల. మసీదుతో పాటు ఇతర మతాల వారికి కూడా ఆరాధనాలయాలు కట్టాలన్న ఆలోచన అతనికి ఉండేదంటారు, నిలిచినది ఇదొక్కటే.

అయితే లైట్నర్ తలుపులు అందరికీ బార్లా తెరిచిన మనిషి కాడు. ఇది తన విద్యార్థులకు, ప్రతిష్ఠ గల అతిథులకు ప్రార్థనాస్థలం కావాలనుకున్నాడే కాని, మతప్రచారానికి వేదిక కావడం అతనికి ఇష్టం లేదు. అప్పట్లో ఇక్కడికి వచ్చినవారిలో విక్టోరియా రాణి కొలువులోని భారతీయ పరిచారకులు ఉన్నారు. రాణి విండ్సర్‌లో ఉన్నప్పుడు మున్షీగా పేరుపడ్డ అబ్దుల్ కరీం, తక్కినవారు ఇక్కడ నమాజు చేసేవారు. ఉపాధ్యాయిని ఈ సంగతి చెప్పగానే గదిలో కాస్త కదలిక కలిగింది. రాజకుటుంబం ప్రస్తావన వస్తే ఇంగ్లీషువారిలో కనిపించే ఆసక్తి మన తిరునాళ్ళలో రథం కదిలినప్పటి ఆసక్తికి తీసిపోదు.

లైట్నర్ 1899లో మరణించడంతోనే ఇన్‌స్టిట్యూట్ ఆగిపోయింది. పన్నెండు పదమూడేళ్ళ పాటు మసీదు తాళం పడి, దుమ్ము కొట్టుకుపోయింది. వారసులు స్థలాన్ని అమ్మే ఏర్పాట్లలో ఉన్నప్పుడు, 1912లో లాహోరు నుంచి ఖ్వాజా కమాలుద్దీన్ అనే న్యాయవాది ఇంగ్లండుకు వచ్చి ఈ సంగతి తెలుసుకున్నారు. చర్చిని ఆస్తిగా అమ్ముకోవడం కుదరనప్పుడు మసీదును మాత్రం ఎలా అమ్ముతారన్నది ఆయన వాదన. చివరికి మసీదూ, దాని చుట్టుపట్ల కొంత నేలా ట్రస్టు చేతికి వచ్చాయి. 1913లో తలుపు తీసి లోపలికి వెళ్ళినప్పుడు వ్యాసపీఠం మీద ఖురాన్ ప్రతి కనిపించిందనీ, తెరిచిన చోట మానవులకై నెలకొల్పిన మొదటి ఇంటి గురించిన ఆయతు (వాక్యం) వచ్చిందనీ చెప్పుకుంటారు. నమ్మడం నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. అక్కడి నుంచి ఈ మసీదు తీరే మారింది. ‘ఇస్లామిక్ రివ్యూ’ అనే పత్రిక ఇక్కడి నుంచి వెలువడింది. ఆదివారం ఉపన్యాసాలకు ఎవరైనా రావచ్చు. ఈదు పండుగ రోజున వాటర్‌లూ నుంచి రైళ్ళలో వచ్చేవారితో పచ్చిక బయలు నిండిపోయేది. సిపాయిలు, విద్యార్థులు, దౌత్యవేత్తలు, టోపీలు ధరించిన ఇంగ్లీషు ముస్లింలు ఒకే వరుసలో నిలబడిన ఫొటోలు ప్రదర్శనలో ఉన్నాయి. ప్రజలకు తలుపు తెరవడమనే ఈ వారాంతపు ఏర్పాటు కొత్తదన్నట్లు కరపత్రంలో రాశారు కాని, నూరేళ్ళ కిందట ఈ ఆవరణలో అది రోజువారీ పని.

కమాలుద్దీన్ లాహోరు అహ్మదీయ సంప్రదాయానికి చెందినవారు. పంజాబులో పుట్టిన ఆ సంప్రదాయాన్ని సున్నీల్లో చాలామంది అంగీకరించరు. 1960లలో నిర్వహణ సున్నీల చేతికి మారింది. ఆ మార్పు గురించి ఒక సందర్శకుడు సూటిగా అడిగినప్పుడు, ఉపాధ్యాయిని తడబడకుండా, “అది మా మధ్య ఇప్పటికీ సున్నితమైన విషయమే. పాతవారు చేసిన పనిని మాత్రం మేము కాదనము,” అన్నారు. ఆ రోజు విన్న సమాధానాల్లో నాకు ఎక్కువగా నచ్చినది ఇదే.

తక్కిన ప్రశ్నలు ఎక్కడైనా వినిపించేవే: స్త్రీలు ఎక్కడ నిలబడతారు, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ఎందుకు కడుగుతారు, అరబీ రానివారికి ఏం అర్థమవుతుంది. ఒక బాలుడు గుమ్మటం ఎందుకు గుండ్రంగా ఉంటుందని అడిగాడు. చతురస్రపు గోడల మూలల్లో చిన్న కమానులు నిలిపి, వాటి మీద వలయాన్ని ఎలా ఎక్కిస్తారో సేవకుల్లో ఒకరైన ఇంజినీరు అరచేతులు జోడించి చూపించారు.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు పాత మసీదులోనే ఒక చిన్న జమాత్ నిలిచింది. ఇష్టమైనవారు వెనుక గోడ దగ్గర కూర్చుని చూడవచ్చన్నారు. అజాన్ ఆవరణలోనికే వినిపించేంత మెల్లగా ఉంది. కొందరు వీధి చివరి దుకాణాల నుంచి వచ్చినట్లున్నారు, బట్టలకు ఇంకా పనివాసన ఉంది. వజూ, అంటే నమాజుకు ముందు కడుగుకోవడం, ముగించి తడి చేతులను తుడుచుకుంటూ వచ్చి, భుజం భుజం కలిపి నిలబడ్డారు. జుహర్‌లో ఖిరాత్, అంటే ఖురాన్ పఠనం, పైకి వినిపించదు. లేవడం, వంగడం, నుదురు నేలకు ఆనించే సజ్దా, మళ్ళీ లేవడం, మధ్య మధ్య ‘అల్లాహు అక్బర్’ అనే తక్బీర్ మాత్రమే. పొద్దుటి నుంచి వంద సంగతులు విన్న మా గుంపు పది నిమిషాల పాటు ఒక్క మాటా మాట్లాడలేదు. బల్లమీద పేర్చిన పుస్తకాలన్నీ చదివినా, ఈ గది ఇంత చిన్నదిగా ఎందుకు కట్టారో ఇంత తేలికగా తెలిసేది కాదు: ముందు వరుసలో ఉన్నవాడి ఊపిరి చివరి వరుసకు తెలుస్తుంది.

ఆదివారం

ఉదయం మళ్ళీ మసీదుకే వెళ్ళాను. ముందురోజు సందర్శకుల్లో ఎవరూ సరిగా పట్టించుకోని ఇల్లు ఒకటి ఆ ఆవరణలో ఉంది. దాని పేరు సర్ సాలార్ జంగ్ మెమోరియల్ హౌస్. తెలుగు పాఠకులకు ఆ పేరు చెప్పగానే మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం గుర్తుకు వస్తుంది. మ్యూజియంలోని వస్తువులను చాలావరకు సేకరించినది మనుమడైన మూడవ సాలార్ జంగ్. ఇక్కడి ఇల్లు మాత్రం తాతగారైన మొదటి సాలార్ జంగ్, అంటే మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరిట వెలసినది. 1853లో, ఇరవైల్లోనే నిజాం రాజ్యానికి దివాన్ అయి, 1883లో మరణించేదాకా ముప్పయ్యేళ్ళు ఆ పదవిలో ఉన్నవాడు. జిల్లాల విభజనను, జీతాలు తీసుకునే ఉద్యోగులతో రెవెన్యూ వసూళ్ళను హైదరాబాదులో నెలకొల్పినవాడు. 1876లో ఇంగ్లండుకు వచ్చినప్పుడు దారిలో పారిస్‌లో కాలు జారి పడి గాయపడినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ పట్టమిచ్చింది.

ఆయన మరణానంతరం, మసీదుతో పాటే కట్టిన ఈ ఇంట్లో తర్వాతి కాలంలో ఇమాములు నివసించారు. పత్రిక పనులు, అతిథుల మర్యాదలు, ఇస్లాంలోకి కొత్తగా వచ్చినవారితో సంభాషణలు ఎక్కువగా జరిగింది ఇక్కడే. మసీదు గుమ్మటం ప్రతి కరపత్రం మీదా ఉంది. నిత్యం మనుషులు మెలిగిన ఇంటికి మాత్రం ఒక పేరాయే దక్కింది. ఇది నిర్వాహకుల లోపమనడం కన్నా, అందమైన కట్టడం పక్కన సాదా ఇంటికి ఎక్కడైనా పట్టే గతి అనడం న్యాయం. ముందుగదిలోకి తొంగిచూసి, హైదరాబాదు నుంచి వచ్చేవారు ఎవరైనా ఈ పేరు గుర్తుపట్టి ఆగుతారా అని అడిగాను. ఇక్కడ చదువుకునే పిల్లలను చూడడానికి వచ్చే తల్లిదండ్రులు అప్పుడప్పుడు ఆగి ఫొటో తీసుకుంటారని శుక్రవారం కనిపించిన పెద్దాయనే చెప్పారు. తర్వాత ఆయన చాలాసేపు పాకిస్తాన్ అధీనంలోని కాశ్మీరులో ఉన్న తన సొంత ఊరైన మీర్పూర్ గురించి మాట్లాడారు. అక్కడి మంగళా ఆనకట్ట కింద ఊళ్ళు మునిగినప్పుడు 1960లలో ఇంగ్లండుకు బయలుదేరిన కుటుంబాల్లో వారిది ఒకటి. వారు వచ్చేనాటికి ఈ మసీదు వారికోసమే ఎదురుచూస్తున్నట్లు ఉండేదట. వచ్చే జనం పెరిగి, పాత గది చాలక, పక్క షెడ్లు తీసుకోవలసి రావడం ఆయన కళ్ళముందు జరిగింది.

మధ్యాహ్నం రైలెక్కి తరువాతి స్టేషను బ్రూక్‌వుడ్‌లో దిగాను. స్టేషను వెనుక తలుపు శ్మశానంలోకే తెరుచుకుంటుంది. 1854లో మొదలైన ఈ ఖననస్థలికి లండన్ నుంచి శవాలను మోసుకురావడానికి ప్రత్యేకంగా రైలు నడిచేది. 1941లో బాంబుదాడి దాని లండన్ స్టేషనును దెబ్బతీసేదాకా అది సాగింది. మతాల వారీగా, వృత్తుల వారీగా విడివిడి భాగాలు కేటాయించిన ఈ శ్మశానంలో ముస్లింల భాగాన్ని 1884లో తీసుకున్నది లైట్నరే. మసీదు కట్టకముందే ఖబరస్తాన్‌కు చోటు చూసిన ఆ ముందుచూపు చూస్తే, మనిషి ఎంత లెక్క కలవాడో తెలుస్తుంది.

లైట్నర్ సమాధి దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దాని మీద అతని అర్ధశిల్పం ఉంది. సంపదకన్నా విద్య మేలన్న అర్థం గల అరబీ మాట చెక్కారు. ముస్లిం భాగంలో మాత్రం గంటకు పైగా తిరిగాను. లివర్‌పూల్‌లో ఒక ఇంటిని మసీదుగా మార్చి అదే 1889లో తెరిచిన అబ్దుల్లా క్విలియం ఇక్కడే ఉన్నాడు. ఒకే ఏడాది రెండు చోట్ల మొదలైన ఆ ప్రయత్నాల్లో అతనిది ఉన్న ఇంటిని మార్చుకున్నదైతే, వోకింగ్‌ది మసీదుగానే కట్టినది. 1913లో ఇస్లాం స్వీకరించిన బ్రిటిష్ ప్రభువంశీకుడు లార్డ్ హెడ్లీ ఇక్కడే ఉన్నాడు. బాగ్దాదులో పుట్టి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన వాస్తుశిల్పి జహా హదీద్ 2016లో ఇక్కడికే చేరింది.

నేను ప్రత్యేకంగా వెతికినవి రెండు సమాధులు. ఒకటి మార్మడ్యూక్ పిక్తాల్‌ది. ఇంగ్లీషు నవలాకారుడైన పిక్తాల్ 1917లో ఇస్లాం స్వీకరించి, 1919లో కొంతకాలం వోకింగ్ మసీదులో ఇమామ్ బాధ్యత నిర్వహించాడు. తర్వాత బొంబాయికి పత్రికా సంపాదకుడిగా వచ్చి, 1925లో నిజాం కొలువులో చేరి, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1927 నుంచి ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికను హైదరాబాదు నుంచి నడిపాడు. ఖురాన్ అనువాదానికని ఏడవ నిజాం అతనికి జీతంతో కూడిన సెలవు ఇచ్చాడు; ఆ అనువాదం 1930లో వెలువడింది. శనివారం బల్లమీద పేర్చిన ప్రతుల్లో అదీ ఉంది. రెండవది అబ్దుల్లా యూసుఫ్ అలీది. ఐసీయస్ అధికారిగా పనిచేసి, కొద్దికాలం హైదరాబాదు ప్రభుత్వంలో కూడా ఉన్న ఆయన మరొక ప్రసిద్ధ ఆంగ్లానువాదాన్ని 1930లలో లాహోరు నుంచి వెలువరించాడు. వోకింగ్ మసీదు ట్రస్టీల్లో ఒకడైన ఆయన 1953 డిసెంబరులో లండన్ వీధుల్లో దిక్కులేని స్థితిలో కనబడి, ఆసుపత్రిలో మరణించాడు. ఇంగ్లీషు తెలిసిన ముస్లింలు తరతరాలుగా చదువుకుంటున్న రెండు అనువాదాల కర్తలూ ఒకే మట్టిలో, ఒకరికొకరు దగ్గరలోనే ఉన్నారు. ఇద్దరి జీవితాలూ ఎక్కడో ఒకచోట హైదరాబాదు మీదుగానే సాగాయి.

సైనిక శ్మశానం ఆవలి వైపు ఉంది. శాంతివనం నుంచి తరలించిన సిపాయిల తలరాళ్ళు అక్కడ మిగతా సైనికుల రాళ్ళ ఎత్తులోనే, అదే తెల్లరాతిలో ఉన్నాయి. తేడా చెక్కిన అక్షరాల్లోనే. శుక్రవారం ఖాళీ తోటలో చదివిన పేర్లలో కొన్ని ఇక్కడ మళ్ళీ దొరికాయి. రెజిమెంటు పేరు, సంఖ్య, తేదీ ఉంటాయి. ఊరి పేరు మాత్రం తరచు ఉండదు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. మూడు చోట్లనూ కలిపి చూడాలంటే బ్రూక్‌వుడ్‌కు సగం రోజైనా ఉంచుకోవాలి, వెళ్ళేముందు ముస్లిం భాగం ఎటో పటంలో గుర్తించుకోవాలి. లోపల దారులు చాలా పొడవు, చెట్లు ఒత్తు, అడగడానికి మనిషి దొరకడు. మసీదులో సెప్టెంబరు వారాంతం దాటిపోయినా నిర్వాహకులకు ముందుగా రాస్తే బృందాలకు చూపిస్తారు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వదిలేయడం మంచిది. సాలార్ జంగ్ ఇల్లు చూడాలనుకుంటే ఆ సంగతి ఉత్తరంలోనే విడిగా అడగాలి, లేకపోతే ఎవరూ అటు తీసుకువెళ్ళరు.